ఆపా ఇంట్లో దాచిన ఇత్తడి

ఇంకాస్త దగ్గరికి జరుగమ్మా. తలుపు దగ్గర కూర్చుంటే నా గొంతు నీ దాకా రాదు. పైగా ఇది గొంతు పెంచి చెప్పే సంగతి కాదు. చేతిలో పనుంటే చేసుకో, చిక్కుడుకాయలు ఒలుచుకో, పిల్లకు జడ వెయ్యి. చెవి మాత్రం ఇటు పెట్టు.

నా గుండె మీద ఒక బరువుంది. ఏళ్ల నుంచి ఉంది. దాన్ని మోస్తూనే వండాను, వడ్డించాను, పిల్ల పెళ్లి చేశాను. మోస్తూనే నవ్వాను కూడా. నవ్వానని ఎందుకు చెబుతున్నానంటే, నేను చెప్పేది ఏడుపు కథ కాదు. మా గల్లీలో ఇద్దరు ఆడపిల్లలు గెలిచిన కథ. ఎవరడిగినా, అడగకపోయినా, ఆ గెలుపును ఊరంతా తిరిగి చెప్పినదాన్ని నేను. ఎప్పుడు చెప్పినా ఒక ముక్క మింగేసి చెప్పాను. ఎదుటివాళ్లకు కథ నిండుగానే ఉండేది. నా గొంతులో మాత్రం ఆ ముక్క అడ్డం పడేది.

ఈ రోజు మింగను.

నా పేరు అడగకు. మాది పాతబస్తీ, శాలిబండ దాటి లోపలికి పోతే వచ్చే ఒక సన్న గల్లీ. మా ఆయన పత్తర్‌గట్టిలో ఒక బట్టల షావుకారు దగ్గర గుమాస్తా. తిండికి లోటు లేదు, దాచుకునేంత లేదు. మా గోడకు ఆనుకునే హమీదా ఆపా ఇల్లు. నేను ఆమెను ఆపా అనేదాన్ని, అంటే అక్క. ఆమె నన్ను చెల్లె అనేది. ఆమె భర్త లాడ్‌బజారుకు లక్క గాజులు చేసి ఇచ్చేవాడు. బొగ్గుల పొగకు ఛాతీ పట్టేసి, ఏడాదిలో సగం రోజులు మంచం మీదే ఉండేవాడు. ఆ సగం పని కూడా ఆపాయే చేసేది. వేడి లక్క మీద అద్దం ముక్కలు, రంగురాళ్లు అద్ది అద్ది ఆమె వేళ్ల కొనలు మొద్దుబారిపోయాయి.

ఆపా పర్దాలో ఉండే మనిషి. గడప దాటేది కాదు. మా రెండిళ్ల నడిమి గోడలో ఒక కిటికీ ఉండేది. మా ఇద్దరికీ అదే వీధి, అదే బజారు. ఎవరి కంటా పడకుండా కూర గిన్నెలు అందులో నుంచే పోయేవి, కబుర్లు అందులో నుంచే వచ్చేవి.

నాకు కూతురు అండాలు. ఆమెకు కూతురు జుబేదా. ఇద్దరూ ఒకే ఏడు పుట్టారు.

పిల్లలకు పాలపళ్లు ఊడే వయసు వచ్చేసరికి, ఊరి పెద్దలు కొందరు కలిసి మా వైపు ఆడపిల్లలకని ఒక బడి పెట్టారు. సర్కారు బడి కాదు, ప్రైవేటు. ఒక పాత దేవిడీ, అంటే పెద్ద భవంతి, అద్దెకు తీసుకుని తెలుగూ ఉర్దూ రెండూ చెప్పేవారు. ఫీజు ఉండేది. కానీ అందరికీ ఒకటే ఫీజు కాదు. ఇంటి ఆమదనీ, అంటే రాబడి, చూసి కట్టమనేవారు. బాగా సంపాదన ఉన్నవాళ్లు నిండు ఫీజు, నడిమివాళ్లు సగం ఫీజు, ఏమీ లేనివాళ్లకు వజీఫా. వజీఫా వస్తే పిల్ల చదువు ఖర్చంతా బడే భరించేది. ఎంత మంచి ఏర్పాటో చూడు. లేనివాళ్ల పిల్ల, ఉన్నవాళ్ల పిల్ల ఒకే చాప మీద కూర్చునేవారు.

ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో తేల్చడానికి పెద్ద ఉస్తానీ, అంటే పెద్ద పంతులమ్మ, స్వయంగా ఇంటింటికీ వచ్చేది. సంపాదన ఎంతని అడిగితే ఎవరు నిజం చెబుతారు? అందుకని ఆమె అడిగేది తక్కువ, చూసేది ఎక్కువ. గోడలు చూసేది. వంటిల్లు చూసేది. గూట్లో సామాను చూసేది. మనుషులు అబద్ధం చెప్పినా గిన్నెలు చెప్పవని ఆమె నమ్మకం.

న్యాయంగా మా ఇల్లు సగం ఫీజు ఇల్లు. ఇందులో దాపరికం లేదు. కాస్త బిగించుకుంటే కట్టగలిగేవాళ్లం కూడా. కానీ మా ఆయన ఒక్క మాట అన్నాడు.

"ఆడపిల్లకు ఫీజు కట్టి చదివిస్తరానే ఎవరన్న? ఊరికె చెప్తమంటె పంపియ్యి, నాకేంది."

అంతే. వజీఫా వస్తే అండాలుకు చదువు, రాకపోతే లేదు. నా చిన్నప్పుడు మా అన్నలు పలకల మీద ఓనమాలు దిద్దుతుంటే నేను పక్క గదిలో బియ్యం ఏరుతూ వినేదాన్ని. చెవికి అన్నీ వచ్చాయి, చేతికి ఒక్కటీ రాలేదు. నా పిల్ల కూడా అలా పక్క గదిలో కూర్చోవాలా? ఆ కోరికే నా చేత ఆ పని చేయించిందని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. కోరిక మంచిదే. చేసిన పని?

మా ఇంట్లో ఒకే ఒక్క గొప్ప ఉండేది. నా పుట్టింటివాళ్లు పెట్టిన ఇత్తడి. బిందెలు, చెంబులు, తాంబాళాలు, ఒక పెద్ద గంగాళం. చింతపండు పెట్టి తోమి ఎండలో బోర్లిస్తే గల్లీ అంతా మెరుపు పడేది. ఆ ఇత్తడి చూస్తే ఉస్తానీ మాకు వజీఫా ఇవ్వదు. అది నాకు ముందే తెలుసు. ఏం చేయాలో మాత్రం, పాలామె వచ్చి ఉస్తానీ గల్లీ మొదట్లో ఉందని చెప్పిన క్షణం దాకా తోచలేదు. అప్పుడు తోచింది. కిటికీ.

"ఆపా, పట్టుకో! జల్ది పట్టుకో!"

"క్యా హువా చెల్లె? గిదంత ఏంది?"

"ఉస్తానీ వస్తుంది. గివి చూస్తె మా అండాలుకు వజీఫా రాదు. నీ గూట్లె పెట్టు."

ఆపా రెండు చేతుల్లో బిందె పట్టుకుని నా ముఖం వైపు చూసింది. "చెల్లె, జర ఆగు. ఒక మాట..."

"మాటలు తర్వాత ఆపా. నీ కాళ్లు మొక్కుత, ముందు పట్టుకో."

ఆమె ఒక్కొక్కటీ అందుకుంది.

ఎంత తెలివి చేశానో చూడు. ఆ రోజుల్లో హిందువుల వంటింటి గిన్నె ముసల్మానుల వంటింట్లోకి పోవడమంటే లొల్లి అయ్యేది. మా అత్త బతికి ఉంటే నన్ను ఇంట్లో ఉండనిచ్చేది కాదు. కాబట్టి నా ఇత్తడి అక్కడ ఉంటుందని ఎవరూ కలలో కూడా అనుకోరు. ఆ ధైర్యంతోనే పంపాను. గంగాళం ఒక్కటే కిటికీలో పట్టలేదు. దాన్ని నడిమింట్లో బోర్లించి, మీద పాత బొంత పరిచాను.

ఉస్తానీ వచ్చింది. తెల్లచీర మనిషి, ఎత్తుగా, చేతిలో గొడుగు. కూర్చోమన్నాను. ఎక్కడ కూర్చుందనుకున్నావ్? ఆ బొంత మీదే. మా ఇంటి ఆస్తినంతా కింద పెట్టుకుని కూర్చుని, మట్టికుండలున్న వంటింటి వైపు చూసి "పాపం" అంది. ఆమె కదిలినప్పుడల్లా కింద గంగాళం ఖంగుమనేది. అది ఖంగుమన్నప్పుడల్లా నేను దగ్గాను. "దగ్గు మంచిగ లేదు, మిరియాల కషాయం తాగు" అని చెప్పి లేచింది.

ఇప్పటికీ తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోతుంది. ఎందుకంటే ఆమె మా గడప దిగి ఎటో పోలేదు. పక్క గడప ఎక్కింది.

ఆపా చెప్పబోయిన మాట అదే. ముందు రోజే ఆమె భర్త, దగ్గుతూ దగ్గుతూ, జుబేదా కోసం బడికి పోయి అడిగి వచ్చాడు. నాకు తెలియదు. నిజంగా తెలియదు. కానీ ఎందుకు తెలియదు? నేను అడగలేదు కాబట్టి. గడప దాటని ఆపాకు, తన పిల్లను గడప దాటించాలనే ఆశ ఉంటుందని నాకు తట్టనే లేదు. రోజూ ఆ కిటికీ దగ్గర నిలబడి ఆమెతో అంత మాట్లాడిన నాకు, ఆ ఒక్కటి తట్టలేదు.

కిటికీ రెక్క ఓరగా ఉంది. నేను గోడకు ఆనుకుని విన్నాను. ఉస్తానీ జుబేదాను ఏమొచ్చని అడిగింది. పిల్ల ఉర్దూ అక్షరాలు గడగడా చెప్పింది. మంచం మీద తండ్రి పక్కన కూర్చుని నేర్చుకున్నట్టుంది. గొంతు గంటలా ఉంది. తర్వాత ఉస్తానీ ఆగింది.

"గింత ఇత్తడి ఎక్కడిది బీబీ?"

ఆపా మాట్లాడలేదు.

"నిన్నే అడుగుతున్న. ఎవరివి గివి?"

మాట్లాడలేదు. ఎందుకో నాకు తెలుసు. నమ్మి చేతిలో పెట్టిన వస్తువును వాళ్లు అమానత్ అంటారు. పెట్టినవాళ్లు అడిగితే ఇవ్వాలి, వేరేవాళ్లు అడిగితే నోరు విప్పకూడదు. ఆపా అబద్ధం ఆడే మనిషి కాదు, అమానత్‌ను బయటపెట్టే మనిషీ కాదు. ఆ రెంటి నడుమ ఆమెకు మిగిలింది మౌనం ఒక్కటే.

నేను అప్పుడే కిటికీలోంచి తల పెట్టి "అవి నావమ్మా" అని ఉంటే? అనలేదు.

ఉస్తానీ మళ్లీ మా ఇంటికి వచ్చింది. ఇక్కడే అమ్మా, ఇక్కడే నేను ఇన్నేళ్లూ మింగిన ముక్క.

"ఏమమ్మా, పక్కింట్ల మస్తు ఇత్తడి ఉన్నది. ముసల్మానుల ఇండ్లల్ల రాగి సామాను చూసిన గని గింత ఇత్తడి ఎన్నడు చూడలె. బిందెలు జూస్తె మన ఇండ్లల్ల బిందెల లెక్కనే ఉన్నయ్. ఆమెను అడిగితె పలుకుతలేదు. నువ్వు గోడకు గోడ ఉంటవ్. నిజం చెప్పు. అవి వాళ్లవేనా?"

నిజం చెప్పమంది. ఇంత సూటిగా, నా కళ్లలోకి చూసి అడిగింది. అప్పటి దాకా జరిగింది పొరపాటు అనుకోవచ్చు. తొందరలో, తెలియక, పిల్ల మీద ప్రేమతో చేసిన పొరపాటు. ఇప్పుడు అన్నీ తెలిసే నిలబడ్డాను. ఒక్క మాటతో జుబేదా బడికి పోతుంది, అండాలు ఇంట్లో ఉండిపోతుంది. ఇంకో మాటతో అది తిరగబడుతుంది. ఇద్దరు పిల్లలూ, వాళ్ల బతుకులూ, నా నాలుక చివర ఉన్నాయి.

"వాళ్లవేనమ్మా" అన్నాను.

"మరి ఎట్లొచ్చినయి?"

అక్కడికైనా ఆగి ఉంటే, తెలియదని ఉంటే, పాపం సగమైనా తగ్గేదేమో. కానీ నాది కథలు చెప్పే నోరు. చిన్నప్పటి నుంచి పొయ్యి దగ్గర పిల్లల్ని కూర్చోబెట్టి కథలు చెప్పిన నోరు. అడిగితే చాలు, కథ దానంతట అదే వచ్చేస్తుంది.

"ఆపా వాళ్ల నాయన ఒక రాజాగారి దేవిడీల పహరా ఉండెనమ్మా. మూసీ పొంగిన యాడాది, రాజాగారి పసిబిడ్డ నీళ్లల్ల కొట్టుకపోతుంటె, ఈయన దునికిండు. బిడ్డను నెత్తి మీద కూర్చోవెట్టుకోని ఈదుకుంట ఒడ్డుకు తెచ్చిండు. రాణమ్మ ఆ ఉపకారం మర్వలె. ఆయన బిడ్డ పెండ్లికి తన చేతులతోనే గీ ఇత్తడంత పెట్టిందట."

ఉస్తానీ కళ్లు చెమర్చాయి. మూసీ వరదలో ఎవరినో ఒకరిని పోగొట్టుకోని ఇల్లు మా బస్తీలో ఏముంది? "అబ్బ, గట్లనా! ఎంత పెద్ద మనసు" అని గొడుగు తీసుకుని వెళ్లిపోయింది.

ఆపా తండ్రి బీదర్ వైపు పల్లెలో గాజులు అమ్ముకున్న మనిషి. మూసీని కళ్లతో చూసి ఉండడు.

అండాలుకు వజీఫా వచ్చింది. జుబేదాకు సగం ఫీజు అన్నారు. నా ఇంటి మెట్టు ఆపా ఇంటికి, ఆపా ఇంటి మెట్టు నా ఇంటికి మారింది. సగమైనా ఎక్కడి నుంచి తెస్తారు వాళ్లు? జుబేదా ఇంట్లోనే ఉండిపోయింది. నేను చెప్పిన కథ మాత్రం ఇంట్లో ఉండలేదు. గల్లీలో తిరిగింది. "రాజుల ఇత్తడి ఇంట్ల పెట్టుకోని వజీఫా అడుగుతందుకు పోయిండట!" అని పాలామె ఆపా భర్తను ఎగతాళి చేయడం నేను నా చెవులతో విన్నాను. ఆయన తలెత్తలేదు. తర్వాత మళ్లీ ఆ బడి వైపు నడవలేదు.

ఆ సాయంత్రమే ఆపా నా సామానంతా కిటికీలోంచి తిరిగి ఇచ్చింది. ఒక్క మరక లేకుండా తుడిచి ఇచ్చింది. కిటికీ రెక్క ఓరగా ఉందని చెప్పాను కదా. నేను విన్నట్టే ఆమె కూడా విన్నది. అన్నీ విన్నది. రాజాగారినీ, రాణమ్మనూ, తన తండ్రి ఈతనూ.

"అన్ని ఉన్నయా, చూసుకో చెల్లె" అంది.

అంతే అంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఉస్తానీ ఇంటికి పరుగెత్తుకుపోయి నిజం చెప్పలేనా? చెప్పగలను. రేపు పోదాం అనుకున్నాను. మరునాడు అండాలు కొత్త పలక చంకన పెట్టుకుని బడికి బయలుదేరింది, ఆ ముఖం చూసి కాళ్లు ఆగిపోయాయి. ఎల్లుండి అనుకున్నాను. ఎల్లుండికి ధైర్యం చచ్చింది. దాన్ని భయమనాలా, స్వార్థమనాలా? రెండింటికీ నా ఇంట్లో ఒకే ముఖం ఉండేది, నా కూతురి ముఖం.

శిక్ష ఒకటి చిన్నది పడిందిలే. ఉస్తానీ ఎప్పుడైనా రావచ్చని ఇత్తడంతా చెక్కపెట్టెలో పడేసి, ఏళ్ల తరబడి మట్టికుండల్లో వండాను. గిన్నెలేవని మా ఆయన అడిగితే కలాయి పూతకు ఇచ్చానన్నాను. కొన్నాళ్లకు "ఏందే, ఆ కలాయివాడు కాశీకి పోయిండా?" అన్నాడు. ఇంకొన్నాళ్లకు "వాపసు వస్తుండట, తొవ్వల ఉన్నడట" అని తనే నవ్వడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు గెలుపు చెబుతాను. ఇది చెప్పేటప్పుడు నా గొంతు దానంతట అదే లేస్తుంది, ఏమనుకోకు.

అండాలు బడి నుంచి రాగానే కిటికీ దగ్గర కూర్చునేది. అటు జుబేదా కూర్చునేది. మొదట్లో అండాలు పంతులమ్మ. ఒక చలికాలం గడిచేసరికి తారుమారైంది. లెక్కలు రాక అండాలు ముక్కు చీదుతుంటే, అటు నుంచి జుబేదా "అరె పాగల్, మళ్ల చూడు, చేతుల పట్టిన అంకెను ఎందుకు ఇడిచినవ్?" అని గదమాయించేది. బడికి పోయే పిల్లకు బడికి పోని పిల్ల పాఠం చెప్పేది. నేను అన్నం వండుతూ వినేదాన్ని. ఒక్కోసారి గర్వంతో కళ్లు నిండేవి. ఆ గర్వం నాకెందుకు? నేనెవరినని గర్వపడాలి? అయినా నిండేవి.

చదువైపోయాక జుబేదా కిటికీ అంచు పట్టుకుని అడిగేది. "చిన్నమ్మా, మా తాతది చెప్పవా?"

నేను ఆపా వైపు చూసేదాన్ని. ఆపా లక్క మీద నుంచి తలెత్తకుండా "చెప్పు చెల్లె, పిల్ల అడుగుతుంది" అనేది. చెప్పేదాన్ని. మూసీ పొంగేది, తాత దూకేవాడు. ఆపా అలా ఎందుకు అనేదో ఈ రోజుకీ నాకు తెలియదు. నన్ను కాల్చడానికా? పిల్లకు ఇవ్వడానికి తన దగ్గర ఇంకేమీ లేదనా? చెప్పినప్పుడల్లా జుబేదా వెన్ను ఇంకాస్త నిటారుగా అయ్యేది. అది మాత్రం నా కళ్లతో చూశాను.

లెక్కల్లో అండాలు ఒక్కసారిగా ముందుకు పోయేసరికి ఉస్తానీకి అనుమానం వచ్చింది. ఇంట్లో ఎవరు చెబుతున్నారని అడిగింది. "మా జుబేదా" అంది నా పిల్ల, ఏమీ దాచకుండా. దానికేం తెలుసు దాచడానికి? మరునాడే ఉస్తానీ ఆపా ఇంటికి వచ్చింది. నేను మళ్లీ గోడకు ఆనుకున్నాను.

ఉస్తానీ అడిగింది, జుబేదా చెప్పింది. ఉర్దూ, తెలుగు, లెక్కలు. అడిగేకొద్దీ ఉస్తానీ గొంతు మారిపోయింది. "అరె, గీ పిల్లను ఇంట్ల కూర్చోవెట్టిన్రా ఇన్ని దినాలు!" అంది. అని, గూటి వైపు చూసినట్టుంది. గూడు ఖాళీ.

"మరి ఆ ఇత్తడి ఏమాయె బీబీ?"

ఇప్పుడైనా చెబుతుంది అనుకున్నాను. చెప్పాలనే కోరుకున్నానేమో కూడా. నేను చెప్పలేనిది ఆమె చెప్పేస్తే బాగుండునని.

"అమ్ముకున్నమమ్మా" అంది ఆపా. అబద్ధమాడని ఆపా, నా కోసం మొదటిసారి అబద్ధమాడింది. నేను గోడ ఇవతల నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. రెండోసారి కూడా నిజం నా గుమ్మం ముందుకొచ్చి నిలబడితే, రెండోసారి కూడా తలుపు తీయలేదు.

నిండు వజీఫా ఇచ్చారు జుబేదాకు. అండాలు కూర్చున్న తరగతిలోనే కూర్చోబెట్టారు. ఆ పొద్దు చూడాలి మా గల్లీని! ఇద్దరు పిల్లలూ చేతులు పట్టుకుని నడుస్తుంటే ఆడవాళ్లంతా గడపల్లో, పరదాల వెనక నిలబడ్డారు. పాలామె పరుగెత్తుకొచ్చి జుబేదా బుగ్గలు పుణికింది. ఆపా భర్త మంచం మీద నుంచి లేచి గుమ్మం దాకా వచ్చి, గోడ పట్టుకుని, పిల్ల మలుపు తిరిగే దాకా చూశాడు. నేను గల్లీ అంతా బెల్లం పంచాను. అందరూ నన్ను మెచ్చుకున్నారు. పక్కింటి పిల్ల గెలుపుకు ఇంత సంబరపడే మనసు ఎవరికుంటుందని.

యుద్ధం రోజుల్లో బియ్యానికి కటకటలాడాం, బడికి మాత్రం ఒక్క రోజు ఆగలేదు వాళ్లు. మిడిల్ పరీక్ష ఇద్దరూ నెగ్గారు. జుబేదా అందరికంటే పైన. ఆ సంగతి చెప్పడానికి ఉస్తానీ ఎండలో నడుచుకుంటూ వచ్చి, గల్లీ నడుమ నిలబడి గొడుగు ఎత్తి ఊపింది. తర్వాత జుబేదాను చిన్న తరగతులకు ఉస్తానీగా తీసుకున్నారు. మా గల్లీ నుంచి ఒక ఆడపిల్ల, లక్క గాజులవాడి బిడ్డ, ఉస్తానీ అయింది! ఇప్పుడు వజీఫా కోసం ఇళ్లు చూసి రావడానికి ఆమెనే పంపుతున్నారు. "ఏం చూస్తవ్ బిడ్డా పోయి?" అని అడిగాను ఒకసారి. "పిల్లను చూస్త చిన్నమ్మా. పిల్ల కండ్లు చూస్త. సామాను చూడ" అంది. నేను తల దించుకుని పొయ్యి ఊదాను.

ఇంకొకటి. బియ్యం ఏరుతూ విన్న అక్షరాలు నా చేతికి తెచ్చింది కూడా ఆమే. సెలవు రోజుల్లో నా వేళ్లు పట్టుకుని దిద్దించింది. నోటితో చెబుతున్నట్టే రాసి నీ చేతిలో పెట్టిన ఈ వంకర రాతలు జుబేదా పెట్టిన భిక్ష.

అండాలు ఇప్పుడు సైదాబాద్‌లో కాపురం ఉంటోంది. ఆపా నిరుటి చలికాలం కన్నుమూసింది. ఆఖరి రోజుల్లో ఆమె తలకు నూనె రాస్తూ చెప్పాలని నోరు తెరిచాను. ఆమె నా చేయి పట్టుకుని "ఉండనియ్యి చెల్లె" అంది. ఏది ఉండనివ్వమంది? నూనెనా, మాటనా? క్షమించిందని అనుకోవడం నాకు సుఖం. అందుకే అనుకోను.

మొన్న ఒక పనిమీద బడి ముందు నుంచి పోతుంటే కిటికీలోంచి జుబేదా గొంతు వినిపించింది. ఆగాను. పిల్లలకు మూసీ వరద చెబుతోంది. తన తాత కథ చెబుతోంది. నాకంటే బాగా చెబుతోంది. నేను ఎప్పుడూ చెప్పని తాడొకటి చేర్చింది. తాత దాన్ని నడుముకు కట్టుకుని, రెండో కొస ఒడ్డున ఉన్నవాళ్లకు ఇచ్చి దూకాడట. పిల్లలు ఊపిరి బిగబట్టి విని, బిడ్డ ఒడ్డు చేరగానే చప్పట్లు కొట్టారు. ఒక పిల్ల అడిగింది: "ఉస్తానీజీ, మీరు గూడ దుంకుతరా?" జుబేదా నవ్వింది. "మా తాత రక్తం గదా, ఎందుకు దుంకను?"

రోడ్డు మీద నిలబడి ఏడ్చాను, నవ్వాను. నిజం చెబితే ఆమె చదువు పోదు, ఉద్యోగం పోదు. తాత పోతాడు. ఆ తాత మీద కాలు పెట్టి నిలబడ్డ పిల్ల ఆమె. అందుకే ఆమెకు చెప్పలేదని నాకు నేను చెప్పుకుంటున్నాను. ఇది ఆమె మీద దయనా, నా ముఖం కాపాడుకోవడమా? ఎన్నిసార్లు తూచినా ముల్లు ఒక చోట నిలవదు.

అందుకని నీకు చెబుతున్నాను. ఇదిగో, విను. మూసీలో దూకిన తాత లేడు. రాణమ్మ లేదు. ఆ ఇత్తడి నాది. ఆ వజీఫా జుబేదాది. నేను తీసుకుని నా పిల్లకు ఇచ్చాను. నిజం చెప్పమని అడిగిన మనిషి కళ్లలోకి చూసి అబద్ధం చెప్పాను. ఆ అబద్ధాన్ని అందరూ ముద్దుపెట్టుకునేంత అందంగా చెప్పాను.

చెప్పేశాను.

నువ్వు క్షమించాలని అడగను. క్షమించే హక్కున్నవాళ్లలో ఒకరు మట్టిలో ఉన్నారు, ఇంకొకరు తరగతిలో ఉన్నారు. కానీ చూడు, ఊపిరి ఎంత లోపలి దాకా పోతోందో. ఇన్నేళ్లలో ఇంత లోపలికి పోలేదు.

ఇక లే తల్లీ, పొద్దెక్కింది, నీకూ పనులుంటాయి. నీ ఇల్లు చల్లగా ఉండాలి. నీ ఇంటి ఆడపిల్లలు వాకిట్లో కూర్చుని గొంతెత్తి చదువుతుంటే దారిన పోయేవాళ్లు ఆగి వినాలి. నీ ఇరుగుపొరుగు ఎప్పుడూ హమీదా ఆపాలాంటి వాళ్లు కావాలి. వాళ్లకు నువ్వు నాకంటే మంచి పొరుగువి కావాలి.